గేటు దాకా నడిపిన కారు

ఆ కారు ఇంటికొచ్చింది రెండు వేల పద్దెనిమిది నవంబరు పదకొండున, నాగుల చవితి నాడు. కోటేశ్వరికి తారీఖుతో సహా గుర్తుంది. పొద్దున్నే పుట్టలో పాలు పోసి వచ్చి, రోజంతా ఉపవాసం ఉండి, సాయంత్రం నాలుగింటికి చలిమిడి, చిమ్మిలి, గుప్పెడు వడపప్పు గిన్నెలో పెట్టుకుని మొదటి ముద్ద నోట్లో వేసుకునేసరికి గేటు దగ్గర హారన్ మోగింది. "ఏమే, హారతి పళ్లెం తీసుకురా!" అని భర్త శ్రీహరి కేక. ఆ ముద్ద మింగి లేచింది. హారతిచ్చి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, చూడటానికి వచ్చిన వాళ్లందరికీ కాఫీలు కలిపి తిరిగొచ్చేసరికి గిన్నెకు చీమలు పట్టాయి.

జర్మనీ వాళ్లు తయారు చేసిన పెద్ద నల్ల కారు అది. హైదరాబాదులో ఒక బిల్డరు వాడి వదిలేశాడు. అప్పటికే లక్షా తొంభై వేల కిలోమీటర్లు తిరిగింది. నరసరావుపేటలో పత్తి, మిర్చి వ్యాపారం చేసే శ్రీహరికి ఆ లెక్కతో పని లేదు. గుంటూరు మిర్చి యార్డులో ఆ తలుపు తెరుచుకుని దిగితే పదిమంది తలతిప్పి చూడాలి, అంతే. ఎక్కడికి వెళ్లినా ముందు సీట్లో అత్తగారు నాగేంద్రమ్మ కూర్చునేది, లేదా ఎవరో ఒక పెద్దమనిషి. వెనక సీట్లో అటొకరు, ఇటొకరు బంధువులు. "నువ్వు సన్నంగా ఉంటావుగా, మధ్యలో సర్దుకో" అనేవాడు శ్రీహరి. మధ్యలో కింద ఎత్తుగా దిమ్మ ఉంటుంది. దానికి చెరో పక్క కాళ్లు పెట్టుకుని, ఒళ్లో సంచులు పెట్టుకుని కూర్చోవాలి. అందరికీ కిటికీలుండేవి. కోటేశ్వరికి మాత్రం ముందు రెండు సీట్ల సందులోంచి కనిపించే మీటర్లే లోకం.

అందుకే ఇంజను వేడి చూపే ముల్లు పైకి పోతున్న సంగతి ముందు ఆమెకే తెలిసింది. కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నారు.

"ఏవండీ, ఆ వేడి ముల్లు ఎరుపు దాకా పోతోంది."

"వెనక కూర్చుని బండి తోలమాక."

రెండు మలుపులు తిరిగాక బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. శ్రీహరి కొండ దిగి, దగ్గర్లో ఉన్న చేలో బోరు దగ్గర రెండు బిందెలు పట్టించుకొచ్చి పోశాడు. "నీళ్లు నీళ్లే" అన్నాడు. పల్నాడు బోరు నీళ్ల సంగతి ఆ రోజు కారులో ఉన్న ఆడవాళ్లందరికీ తెలుసు. నెల తిరక్కుండా గిన్నె అడుగున సున్నం పొర కట్టే నీళ్లవి. కొంగులతో మొహాలు విసురుకున్నారు. ఆ తర్వాత కూడా ఆయన అవే నీళ్లు పోసుకుంటూ తిరిగాడు. రెండో నెలలో కారు కదలనని మొరాయించింది. విజయవాడలో పెద్ద వర్క్‌షాపు వాళ్లు చెప్పిన రేటు విని, టార్పాలిన్ కప్పి షెడ్డులో పడేశాడు.

కోటేశ్వరి పెళ్లికి ముందు బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. ఆ చదువు సంగతి ఇంట్లో ఎవరికన్నా గుర్తుందంటే పిల్లల హోంవర్కు అప్పుడే. పిల్లలు పెద్దవాళ్లై హాస్టళ్లకి పోయాక అదీ లేదు. ఒక మధ్యాహ్నం టార్పాలిన్ తీసి, ఇంజనుకు నీళ్లు పోసే పగిలిన ప్లాస్టిక్ డబ్బా మూత విప్పి లోపలికి వేలు పెట్టింది. వేలికి తెల్లగా, గరుకుగా అంటుకుంది. ఇరవై రెండేళ్లుగా కాఫీ గిన్నెల అడుగున తాను తోముతున్న సున్నమే. ఆమెకు నవ్వొచ్చింది. ఇంత దూరం నుంచి, ఇంత పేరు మోసి వచ్చిన యంత్రం చివరికి తన సింకులోకే వచ్చి పడింది.

ఆ సున్నం కరగడానికి నిమ్మ ఉప్పు నీళ్లలో కలిపి పోసింది. ఫోన్లో ఎవరో ముసలాయన నిదానంగా చెప్పే వీడియోలు ఆపి ఆపి చూసింది. పక్క వీధిలో ఆటో స్పేర్స్ కొట్టు నడిపే రజియా సామాను తెప్పించి పెట్టేది. "వదినా, ఈ పైపు కోసం ఢిల్లీ దాకా ఫోన్ చేశా. నీ పేరు చెబితే నమ్మరని మా ఆయన పేరు చెప్పా, ఏమనుకోమాక" అని నవ్వేది. వస్తూ వస్తూ గ్రీజు వదిలే సబ్బు ఒకటి జేబు రుమాల్లో చుట్టి ఇచ్చేది. పాత పైపులు, ఆ పగిలిన డబ్బా విప్పి, కొత్తవి వేసి, డిస్టిల్డ్ వాటర్‌లో ఇంజను చల్లబరిచే కూలెంట్ కలిపి పోసి, లోపలి గాలి బుడగలు పోయేదాకా ఎదురుచూసింది. పొయ్యి మీద పాలు పెట్టానన్న సంగతి సాయంత్రానికి గుర్తొచ్చి పరిగెత్తింది. పాలు దించి, మూత పెట్టి ఉన్నాయి. నాగేంద్రమ్మ జపమాల తిప్పుకుంటూ గోడ వైపు చూస్తోంది.

ఆ రోజు ఇంజను పలికింది.

"ఎవర్ని పిలిపించావు?" అన్నాడు శ్రీహరి.

"నేనే చేశాను."

ఆయన చాలాసేపు నవ్వాడు. మంచి నవ్వే, ఎగతాళి కాదు. "బయట అనమాక. ఆడదాని చేత కారు బాగు చేయించుకుంటన్నాడని చెప్పుకుంటారు."

అప్పటినుంచి ఆరేళ్లు. కారు మూడు లక్షల పదివేల కిలోమీటర్లు దాటింది. "హైదరాబాదు నుంచి ఇంజనీరు వస్తాడండీ, చానా తెలివైనోడు" అని శ్రీహరి అతిథులకు చెబుతుంటే, ఆ ఇంజనీరు మజ్జిగ గ్లాసులు అందిస్తూ ఉండేది. ఆమె ఆ కారుని షెడ్డులోంచి కడిగే చోటికి, అంటే గేటు దాకా, ఇరవై అడుగులు వెనక్కి తీసేది. మళ్లీ ఇరవై అడుగులు లోపలికి పెట్టేది. లైసెన్సు ఉంది; కూతురు జాహ్నవి కాలేజీలో చేరిన ఏడు, దానితో పాటు తానూ తీసుకుంది. "ఉంటే ఉంది. గేటు దాటితే బాగోదు" అన్నాడాయన. రిపేరైన ప్రతిసారీ ఆయనే రోడ్డు మీదికి తీసుకెళ్లి, తిరిగొచ్చి, "బానే ఉంది" అనేవాడు. బానే ఉందంటే ఏం తెలుస్తుంది? నిలబెట్టినప్పుడు ఆ ఇంజను ఎట్లా ఊపిరి తీస్తుందో ఆమెకు తెలుసు. ఏ పైపు ఎంత వేడెక్కుతుందో అరచేతికి తెలుసు. కానీ ఎనభైలో ఎట్లా పాడుతుందో తెలియదు. వినుకొండ రోడ్డు మీద పొద్దున్నే ఏ లారీలూ లేనప్పుడు, స్టీరింగు చేతుల్లో తేలికైపోయినప్పుడు, అద్దం నిండా రోడ్డే ఉన్నప్పుడు ఎట్లా ఉంటుందో తెలియదు. పప్పు తాలింపు వేస్తూ ఆ రోడ్డు అనుకునేది. దుప్పట్లు మడతపెడుతూ అనుకునేది. ఒక మనిషిని ఇన్నేళ్లు సాకి, ఆ మనిషి గొంతెత్తి నవ్వగా ఒక్కసారీ విననట్టు ఉండేది. ఎక్కడికో పారిపోవాలని కాదు. వెళ్లి, తిరిగి రావాలని. అంతే.

మొన్న శ్రావణంలో కారు అమ్మేద్దామన్నాడు. గురజాల నుంచి వీరయ్యగారు చూడ్డానికి వచ్చాడు. డెబ్భై దాటిన రైతు, ఒకప్పుడు సొంత ట్రాక్టర్లు తానే విప్పుకున్న మనిషి. బానెట్ ఎత్తి, లోపల చాలాసేపు చూశాడు.

"ఈ చెయ్యి ఎవరిదయ్యా, శ్రీహరీ? క్లిప్పులన్నీ ఒకే పక్కకి తిప్పి బిగించాడు. రేపు విప్పేవాడికి చెయ్యి పట్టాలని. ఇంత ముందుచూపున్నోడు ఈ రోజుల్లో ఏడ దొరుకుతాడు?"

టీ కప్పులతో నిలబడ్డ కోటేశ్వరి ఒక అడుగు ముందుకేసింది. ఎవరూ చూడరనుకున్న పని అది.

"హైదరాబాదు ఇంజనీరండీ" అన్నాడు శ్రీహరి.

"అయితే ఆయన నంబరియ్యి. మాట్లాడి కొంటా. ఇక ముందూ ఆయనే చూస్తానంటేనే ఈ ముసలి బండి తీసుకునేది."

శ్రీహరి భార్య వైపు చూశాడు. ఆమె ఎదురుచూసింది. ఒక్క మాట. ఆ ఒక్క మాట ఆరేళ్లకూ సరిపోయేది.

"రేపు పంపిస్తానండీ" అన్నాడాయన.

వీరయ్య వెళ్లాక దగ్గరికొచ్చి, మెత్తగానే అడిగాడు. "రెండో సిమ్ము ఉందిగా నీ దగ్గర. వాట్సాప్‌లో ఇంజనీరు లాగా నువ్వే రాయి. ఏదో ఒక పేరు పెట్టుకో. గొంతుతో పనేముంది? నీకు తెలిసిందే కదా అదంతా."

ఆయన కళ్లలో కపటం లేదు. నిజంగానే మంచి ఉపాయం చెప్పానని సంతోషపడుతున్నాడు. అది చూసే ఆమెకు భయమేసింది. ఇంతకాలం తన పేరు ఎక్కడో పోయిందనుకుంది. పోలేదు. ఆ చోట ఒక మగవాడి పేరు పెట్టుకొమ్మని, అది కూడా తననే వెతుక్కొమ్మని అడుగుతున్నారు.

మర్నాడు శ్రీహరి, అమ్మకానికి పెట్టిన కారు కదపడమెందుకని, పొద్దున్నే షేర్ ఆటోలో గుంటూరు యార్డుకి పోయాడు. కోటేశ్వరి కూర వండి మూతపెట్టి, చీర మార్చుకుని, షెడ్డు తీసింది. కడిగే చోటు దగ్గర కారు ఆగలేదు. గేటు దాటింది. వరండాలో నాగేంద్రమ్మ జపమాల ఆపి చూసింది గానీ పిలవలేదు.

పిడుగురాళ్ల దాకా చేతులు బిగుసుకునే ఉన్నాయి. సున్నం బట్టీలు దాటాక రోడ్డు తెరుచుకుంది. యాభై, అరవై, ఎనభై. ఇంజను గొంతు సన్నగా, నున్నగా సాగింది. తాను అనుకున్న పాట కాదు; ఇంకా తక్కువ శబ్దం, దాదాపు మౌనం. కళ్లు చెమర్చాయి, తుడుచుకుంది. అప్పుడే ఆ మౌనం అడుగున ఏదో చిన్న రొద. కుడికి మలుపు తిరిగితే పెరుగుతోంది, ఎడమకి తిరిగితే తగ్గుతోంది. ఎడమ వెనక చక్రం బేరింగు. ఎన్నాళ్లుగా మోగుతుందో. ఆయన ప్రతిసారీ బానే ఉందని వచ్చేవాడు.

వీరయ్య వాకిట్లో కారు ఆగింది.

"డ్రైవరేడమ్మా?"

"నేనే తోలుకొచ్చానండీ, బాబాయ్."

"మరి ఇంజనీరు?"

"నేనే. కోటేశ్వరి. నా నంబరు రాసుకోండి. వెనక ఎడమ చక్రం బేరింగు పోతోంది. అది మార్చిందాకా కారు ఇవ్వను."

ముసలాయన కాసేపు ఆమె చేతుల వంక చూశాడు. గోళ్ల చివర నల్లగా ఉంది. "కూర్చోమ్మా" అని తన కుర్చీ ఆమె వైపు జరిపి, తాను అరుగు మీద కూర్చున్నాడు. ఇంట్లోకి కేకేశాడు. "ఏమే, ఇంజనీరు గారొచ్చారు, భోజనం వడ్డించు."

తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. శ్రీహరి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "వీరయ్యగారు ఫోన్ చేశాడు" అన్నాడు. మొహం ఎర్రగా ఉంది. "ఎంతమంది చూశారో తెలుసా? పిడుగురాళ్ల సెంటర్లో మన వాళ్లే ముగ్గురు చూశారంట."

"చూసే ఉంటారు. ఎదురుగానే వెళ్లాను."

"నా మాటేం కావాలి ఇప్పుడు?"

"బేరింగు రావడానికి పది రోజులు పట్టుద్దని రజియా ఫోన్లో చెప్పింది" అంది కోటేశ్వరి. "వీరయ్యగారు పదకొండో రోజున కారు తీసుకుంటానన్నాడు. ఈ పది రోజులూ పొద్దున్నే దగ్గర రోడ్ల మీద నిదానంగా తోలుతాను. ఇంకేమన్నా మోగుతుందేమో వినాలి."

శ్రీహరి చెప్పులు విడిచి లోపలికి వెళ్లిపోయాడు. అది ఒప్పుకోవడం కాదు. ఆమె అడగనూ లేదు.

కారు షెడ్డులో పెట్టి దిగేసరికి వెనక అడుగుల చప్పుడు. నాగేంద్రమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. తిడుతుందేమోననుకుంది కోటేశ్వరి.

"ఏమే" అంది ముసలామె, ఇంట్లోకి వినపడనంత మెల్లగా. "ఆడ కూర్చుంటే ఎట్టుంటదే?"

కోటేశ్వరి స్టీరింగు వైపు తలుపు తెరిచి, అత్తగారి మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నాగేంద్రమ్మ ముందు రెండు చేతులూ ఒళ్లోనే పెట్టుకుంది. తర్వాత ఒక్కొక్కటే ఎత్తి చక్రం మీద వేసింది. ఎదురుగా షెడ్డు గోడ. దాన్నే చూస్తూ, చాలా దూరం చూసినట్టు కూర్చుంది. ఆమె పెదవులు కదిలాయి. జపం మాత్రం కాదు.

"మీ మామ ఉన్నప్పుడు ఎడ్లబండి పగ్గాలన్నా పట్టుకుంటానని అడిగా" అంది. "నవ్వాడు."

కోటేశ్వరి తలుపు పక్కన నేలమీద కూర్చుంది. ఇంట్లో ఎవరో లైటు వేశారు. ఇద్దరూ కదల్లేదు.

"రేపు పొద్దున ఎన్నింటికి పోతన్నావు?" అంది అత్తగారు, దిగుతూ.

"ఐదింటికి."

నాగేంద్రమ్మ తలూపింది. తర్వాత, కోడలు చెయ్యి చాపకముందే, తానే ఆ బరువైన తలుపుని అరచేత్తో నిదానంగా తోసి, చప్పుడు కాకుండా మూసింది.