తలకిందులైన రాజు

అరబ్బుల దేశంలో, రుసైల్‌లోని చెక్కపని షెడ్డు నుంచి భూమేశ్‌ను ఆ కాలేజీకి పంపింది బోర్డులు బిగించి రమ్మని. మధ్యాహ్నానికల్లా పని తెమిలిపోవాల్సింది. పన్నెండు వందల ఏళ్ల కిందట చచ్చిపోయిన ఒక రాజు అడ్డం పడ్డాడు.

పాతకాలపు ఇంగ్లండు రాజుల గురించి ప్రదర్శన అది. అన్నిటికంటే పెద్దది బండిచక్రమంత గుండ్రటి చెక్క. దాని మీద, రాజు పేరూ అరబ్బీ అక్షరాలూ ఉన్న ఒక బంగారు నాణెం బొమ్మ. భూమేశ్ దాన్ని బిగించి నిచ్చెన దిగాడో లేదో, ఇంగ్లండు ప్రొఫెసర్ పరుగెత్తుకొచ్చి రాజు పేరు తలకిందులుగా ఉందన్నాడు. భూమేశ్ విప్పి, తిప్పి బిగించాడు. ఈసారి కాలేజీ అధికారి ఉమర్ సాబ్ ముఖం మాడ్చుకున్నాడు. ఇప్పుడు అరబ్బీ అక్షరాలు తలకిందులయ్యాయి. అవి దైవవాక్యాలాయె!

వాదీ కబీర్ అనే పేటలోని బడిలో చరిత్ర చెప్పే సింధూజ, వివరాల చీటీలు అంటించడానికి వచ్చి అక్కడే ఉంది. భూమేశ్ ఆమెను అడిగాడు.

"ఇదేం లొల్లి మేడం? రెండిట్ల ఏది సీదా?"

"రెండూ తప్పు కాదు భూమేశ్ గారూ. ఓఫా అని ఒక రాజు. బాగ్దాద్ ఖలీఫా నాణెం చూసి అలాంటిదే కొట్టించాడు. చేసినవాడికి అరబ్బీ రాదు. అక్షరాలను ముగ్గు చూసి వేసినట్టు దించేసి, మధ్యలో రాజు పేరు తిరగేసి ఇరికించాడు."

"రాజుగ్గూడ తెల్వలేదా?"

"తెలిస్తే ఊరుకునేవాడా?"

భూమేశ్‌కు రాజు సంగతేమో గానీ ఆ కమసాలి మీద జాలి కలిగింది. తనూ వేలిముద్ర బాపతే. బోర్డు వెనక పైవైపు ఏదో చూపే బాణం గుర్తు లేక ఎన్నిసార్లు తిట్లు తిన్నాడో!

అవతల ప్రొఫెసర్ చరిత్ర అంటున్నాడు, ఉమర్ సాబ్ మర్యాద అంటున్నాడు. ఇద్దరి టీలూ చల్లారిపోయాయి. భూమేశ్ ఎవరినీ అడక్కుండా వ్యాన్‌లోంచి, తిరిగే భోజనబల్ల కింద వేసే బేరింగు ఒకటి తెచ్చి, చెక్క వెనక నడుమ బిగించాడు. వేలితో తడితే నాణెం గిర్రున తిరిగింది.

"ఎవలకు ఎట్ల గావాల్నో గట్ల తిప్పుకోమనుండ్రి."

ఇద్దరు పెద్దమనుషులూ చెరోసారి తిప్పి చూసుకుని, ఎదుటివాడు ఓడిపోయాడనుకుని శాంతించారు.

మర్నాడు ప్రారంభోత్సవం. పిల్లలు నాణెం దగ్గరే వరస కట్టారు. ప్రొఫెసర్ మైకు అందుకుని చాలాసేపు మాట్లాడాడు. చప్పట్లు మోగాయి. మిగిలిన మేకులు కొట్టడానికి వచ్చిన భూమేశ్ మూల నిలబడి అడిగాడు.

"ఏమంటున్నడు మేడం?"

సింధూజ కాస్త నసిగింది. "రెండు నాగరికతలు ఒకే ఇరుసు మీద తిరుగుతాయని చెప్పడానికే... ఏడాది ఆలోచించి ఇలా చేయించాడట."

భూమేశ్ పడీపడీ నవ్వాడు. "అననియ్యి మేడం. బేరింగు ఢీలా అయితే మాత్రం నాకే ఫోన్ జేస్తరు."

గురువారం ఫోన్ వచ్చింది. చేసింది ప్రొఫెసరే.