మూడు షిఫ్టుల పాట

ఉక్కు ప్లాంటులో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే: మంట ఒక్క పూట కూడా ఆరకూడదు. ఆ తెలివే మా అమ్మాయి కొంప ముంచింది.

వాసవి పన్నెండేళ్ళుగా పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాతో పాడుతోంది. ఏ ఏడు ఏ పాట ఊపేస్తే ఆ పాట పాడాలి. ఎవరెవరివో పాటలు పాడీ పాడీ గొంతు అరగదీసుకుంది. నిరుటి నుంచి జనం ఆర్కెస్ట్రా కూడా మానేసి డీజేలని పిలుస్తున్నారు. చివరికి తెలుగూ ఛత్తీస్‌గఢీ కలిపి తనే ఒక పాట కట్టింది. సుపేలా బజారులో మొబైల్ షాపు మేడమీద రికార్డు చేయించి, పాటల యాప్‌లో పెట్టింది. పది రోజుల్లో పదకొండు వేలసార్లు మోగింది. ముంబయి కంపెనీ నుంచి హరినాథ్ అనే అబ్బాయి ఫోన్ చేశాడు. ఇంకో పది రోజుల్లో లక్ష దాటితే తర్వాతి పాటలు తామే తీస్తామన్నాడు.

"దాటకపోతే?" అన్నాను.

"ఇంక పాడను నాన్నా. ముప్పైరెండు వచ్చీసినాయి. బస్, హో గయా. సాలింక," అంది వాసవి. నవ్వుతూ అన్న మాట కాదది.

ఆ పూటే రుఆబాంధా కాలనీలో ఉండే జగ్గయ్య, ఫర్నేస్ దగ్గర నా పాత జోడీ, అతని దగ్గరికి పరుగెత్తాను.

"లక్ష ఏటి సూరీ, పెద్ద లెక్కా? మనకి షిఫ్టులు కొత్తేటి?" అన్నాడు.

ప్లాంటులో రిటైరైన మనవాళ్ళని అరవై మందిని పోగేశాం. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. షిఫ్టుకి ఇరవై ఫోన్లు. పాట అయిపోగానే మళ్ళీ అదే పాట. డ్యూటీ చార్టు నేనే రాశాను, ఎవరైనా ఆలస్యమైతే ఫోర్‌మన్‌లా తిట్టాను. వాసవికి మాత్రం చెప్పలేదు.

ఆరో రోజుకి లెక్క డెబ్బై వేలకి దగ్గరపడింది. ఫోన్ నా ముఖానికి ఆనించి, "సూడు నాన్నా! జనం వింటన్నారు!" అని వాసవి ఏడ్చేసింది. నేను గర్వంతో ఉబ్బిపోయాను, వెధవని.

ఏడో రోజు పొద్దున్న యాప్‌లో పాట లేదు. ఒకే ఊళ్ళో, అవే ఫోన్లలో, తెరిపి లేకుండా మోగింది కాబట్టి దొంగ లెక్కని తేల్చి తీసేశారు. మళ్ళీ పెట్టనివ్వరట. హరినాథ్ ఫోన్ చేశాడు. వాసవి స్పీకర్ పెట్టింది.

"ఎందుకు చేశారు దీదీ? మొదటి పదకొండు వేలూ అసలైనవే. నాగపూర్, రాయపూర్, విశాఖ... ఎవరెవరో విన్నారు. అది చూసే కదా నేను ఫోన్ చేసింది! ఇప్పుడు మా కంపెనీలో మీ పేరెత్తలేను," అని పెట్టేశాడు.

"ఎవులు సేసినారు నాన్నా?"

"నానేనమ్మా," అన్నాను. జగ్గయ్య సంగతి, షిఫ్టుల సంగతి, అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. వాసవి కొంగుతో ముఖం తుడుచుకుంది. చిన్న ఆశతో నా వైపు చూసింది.

"పోనీలే. మనోళ్ళు అరవై మందైనా విన్నారు గదా. ఎలగుంది పాట?"

"బాగుందమ్మా. సానా బాగుంది."

"ఏది బాగుంది? ఒక్క ముక్క సెప్పు."

నా దగ్గర ఒక్క ముక్క లేదు. జగ్గయ్య దగ్గరా లేదు. పక్కవాళ్ళకి విసుగని అందరం సౌండు సున్నా చేసి, ఫోన్ల గొంతు నొక్కేసే మోగించాం. నేనైతే దిండు కింద పెట్టుకుని నిద్రపోయాను. వాసవి చేతులు పట్టుకున్నాను.

"ఒక్కసారి పాడమ్మా. ఇప్పుడింటాను."

చేతులు విడిపించుకుంది.

"అన్ని వేలసార్లు మోగించినావు. ఒక్కసారి ఇనలేకపోనావా నాన్నా?"