వాడి ముఖం నీకు తెలుసు

కళ్ళజోళ్ళ షాపులో అద్దాల అంచులు అరగదీసి ఫ్రేములకి సరిపెట్టడం ఆమె పని. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తుందని షాపులో అంతా ఆమెని సూదికన్ను అనేవాళ్ళు. పదకొండేళ్ళుగా అదే బల్ల, అదే మిషను. పెళ్ళైన పన్నెండో ఏట కడుపు పండినప్పుడు కూడా తొమ్మిదో నెల దాకా ఆ బల్ల దగ్గరే కూర్చుంది. పొద్దున లేస్తే ప్రభువుకి స్తోత్రం, పడుకునే ముందు మళ్ళీ స్తోత్రం.

తీరా ఆ రోజు వచ్చేసరికి బిడ్డ అడ్డం తిరిగాడు. ఆపరేషన్ చేశారు. మత్తు దిగి, ఆపైన పట్టుకున్న జ్వరం తగ్గి, ఆమె మనిషయ్యేసరికి రెండు రోజులు గడిచిపోయాయి. అప్పటికి అంతా అయిపోయింది. మగపిల్లాడు. ఊపిరి లేకుండానే పుట్టాడు. భర్త తీసుకెళ్ళి సమాధి చేసి వచ్చాడు.

"తల్లికి చూపించొద్దు, చూస్తే మరిచిపోలేదు" అని పట్టుబట్టింది అత్తగారట. కుట్లు విప్పడానికి వచ్చిన నర్సు మాటల్లో మాటగా ఆ సంగతి చెప్పేసింది. ఇంటికొచ్చాక అత్తగారు అన్నం పెడితే తిన్నది, మందులిస్తే వేసుకుంది. కానీ ఆవిడ ముఖంలోకి చూడడం మానేసింది.

భర్త లిఫ్టు మెకానిక్కు. అసలే మాట పొదుపు మనిషి, ఇప్పుడు బొత్తిగా మూగవాడైపోయాడు. చుట్టుపక్కలవాళ్ళు మాత్రం నోరు కట్టుకోలేదు. "వయసేం మించిపోలేదులే, మళ్ళీ పుడతారు" అనేవాళ్ళు. పగిలిన గ్లాసు బదులు ఇంకోటి తెచ్చుకున్నట్టు.

నెల తర్వాత పాస్టరమ్మ చూడడానికి వచ్చింది. కూర్చుంది, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అదే సూదికన్నుకి నచ్చింది.

"ప్రార్థన చేసుకుంటున్నావా అమ్మా?" అని లేవబోయేముందు అడిగింది.

"మోకాళ్ళ మీద కూర్చుంటున్నానండీ. నోరు పెగలడం లేదు."

"నోరు పెగలకపోతే చేత్తో రాయి."

"రాస్తే మంచి మాటలు రావేమోనండీ."

"రాకపోనీ. కోపమొస్తే కోపమే రాయి. సిలువ మీద మన ప్రభువు కూడా తండ్రిని 'ఎందుకిలా' అని అడిగినవాడే. నువ్వడిగితే తప్పు పడతాడా?"

మళ్ళీ పనిలోకి వెళ్ళిన మొదటి వారం, మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక, ఒక పాత ఆర్డరు చీటీ వెనక్కి తిప్పి రెండు ముక్కలు రాసింది.

తొమ్మిది నెలలు నీకు వందనాలు చెప్పాను.
ఆ వందనాలన్నీ ఏం చేసుకున్నావు?

రాసి భయపడింది. పిడుగేమీ పడలేదు. మర్నాడు ఇంకో చీటీ. ఆ మర్నాడు ఇంకోటి. కవిత్వమంటే ఏమిటో ఆమెకి తెలియదు. అద్దం అరగదీసినట్టే, సరిపోని మాటని కాస్త కాస్త అరగదీసేది, అంతే. గుండెల్లో బండ అలాగే ఉంది. కానీ రాసిన రోజున దాని పక్కనుంచి కాస్త ఊపిరి ఆడేది. ఎవరితో మాట్లాడకపోయినా ఆయనతో మాట్లాడుతున్నానని ఒక రోజు తట్టింది. పోట్లాటే కావచ్చు. పోట్లాడాలన్నా ఎదుట మనిషి ఉండాలిగా.

చీటీలు బీరువాలో చీరల కింద దాచేది. చీరలు సర్దుతూ అత్తగారు వాటిని చూసింది. ఆవిడకి చదువు రాదు. సాయంత్రం కొడుకు పని నుంచి రాగానే వంటింటి బల్ల మీద ఆ కట్ట పెట్టింది.

"మీ ఆవిడ నా కళ్ళకి అద్దాలు పెట్టించింది గానీ అక్షరాలు పెట్టించలేదురా. ఇవేమిటో చదువు. కోడలుపిల్ల ఏమైపోతోందోనని నాకు భయంగా ఉంది."

అతను తటపటాయించాడు. తర్వాత పై చీటీ తీసి గట్టిగానే చదవడం మొదలుపెట్టాడు. అప్పుడే ఆమె షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది. తన మాటలు అతని గొంతులో వినబడి గడప దగ్గరే నిలబడిపోయింది.

వాడు నీ దగ్గరున్నాడని అందరూ అంటారు.
అయితే వాడి ముఖం నీకు తెలుసు.
కన్నదాన్ని, నాకు తెలియదు.
ముక్కు ఎవరిదో, గడ్డం ఎవరిదో
ఒక్క మాట చెప్పు తండ్రీ, ఇంకేమీ అడగను.

అతను ఆగాడు. తలెత్తి ఆమెని చూశాడు. నా చీటీలు ఎందుకు తీశారని అడగబోయింది కానీ అతని కళ్ళు చూసి ఆగిపోయింది.

"గడ్డం నీదే," అన్నాడు. "మధ్యలో ఆ నొక్కు కూడా."

ఆమె గడప దాటి లోపలికి వచ్చింది.

"జుట్టు ఒత్తుగా ఉంది. తడిగా ఉంటే నర్సు తుడిచింది. ఎడమ చెవి అంచు కాస్త మడతపడి ఉంది. నేను వేలితో సరిచేశాను. మళ్ళీ మడతపడింది. దారి పొడుగునా సరిచేస్తూనే ఉన్నాను."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబుదామనే ఉండేది. నీ ముఖం చూసి వెనక్కి తగ్గేవాణ్ణి."

అక్కడే నేల మీద కూలబడి ఆమె ఏడ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చాక గొంతెత్తి ఏడవడం అదే మొదలు. అతను వచ్చి పక్కన కూర్చుని చెవి మడత ఎలా ఉండేదో ఆమె చెవి మీదే వేలితో చూపించాడు. అత్తగారు లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున, ఆరాధనకి గుడికి బయల్దేరే ముందు, ఆవిడ కోడలి దగ్గరికి వచ్చి మంచం అంచున కూర్చుంది.

"నామీద కోపంగా ఉన్నావు. ఉండాల్సిందే."

సూదికన్ను తల వంచుకుని జడ అల్లుకుంటూనే ఉంది.

"మీ ఆయనకంటే ముందు నాకో ఆడపిల్ల పుట్టింది. ఒక్క పూట బతికింది. వాడికి కూడా తెలియదు, నేనెప్పుడూ చెప్పలేదు. నేను దాన్ని చూశాను, ఒళ్ళో పెట్టుకున్నాను. నలభై రెండేళ్ళయింది, కళ్ళు మూసుకుంటే ఇంకా అదే ముఖం. నా కోడలికి ఈ శిక్ష వద్దనుకున్నాను. అది శిక్ష కాదని, అదొక్కటే నాకు మిగిలిందని, మొన్న వాడు చదువుతుంటే గానీ తెలిసిరాలేదు. నీకు దక్కాల్సింది నేనే లాక్కున్నాను తల్లీ."

ఎన్నో నెలల తర్వాత ఆమె అత్తగారి ముఖంలోకి చూసింది. క్షమించానని అనలేకపోయింది. ఆ మాట ఇంకా లోపల తయారవలేదు.

"పేరు పెట్టారా అత్తయ్యా?"

"పెట్టేలోపే పోయింది." ఆవిడ కొంగుతో అద్దాలు తుడుచుకుంది. "నాకు రాయడం రాదు. నా పిల్లకి కూడా ఒకటి రాసిపెడతావా? ప్రభువు మనల్ని సమాధుల్లోంచి లేపే రోజున అది నన్ను గుర్తుపడుతుందో లేదో, ఆ సంగతి కూడా అడుగు."

గుడికి ఆలస్యమైంది. ఆవిడ చెబుతూ ఉంటే ఆమె రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది.

ఒక్క పూట బతికిన పిల్లా,
మీ అమ్మ నిన్ను నలభై రెండేళ్ళు మోసింది.
సమాధిని గెలిచి లేచినవాడు
నిన్ను పేరు పెట్టి పిలుస్తాడు.
ఆ పేరు మాకు తెలియదు. ఆయనకు తెలుసు.
పిలిచినప్పుడు ఇటు తిరుగు,
మీ అమ్మ ఇక్కడే నిలబడి ఉంటుంది.

రెండుసార్లు చదివించుకుని విన్నది ముసలావిడ.

"నీ కొడుక్కి అది మేనత్త అవుతుంది కదూ," అంది. "మేనత్త ఉన్న చోట పిల్లాడు పరాయివాడిలా ఎందుకుంటాడు? ఎత్తుకునే ఉంటుంది. ఆ చెవి కూడా సరిచేస్తూ ఉంటుంది."

సూదికన్నుకి కళ్ళ ముందు కాగితం మసకబారింది. పెన్ను మాత్రం చేతిలోనే ఉంది.

"అది కూడా రాయనా అత్తయ్యా?"

"రాయి," అంది ఆవిడ, ఇంకొంచెం దగ్గరికి జరుగుతూ.