కుక్కర్ కూత, నా కాకిలెక్క

నేను ఒక సాఫ్ట్‌వేర్‌ని. పేరులో సాఫ్ట్ ఉంది కదా అని మెతక అనుకోకండి, నోరు మహా కరుకు. ఇంకా పుట్టని చిప్ బ్యాటరీని ఎంత తింటుందో ముందే చెబుతాను. ప్రతి వాటులో ఎవడి వాటా ఎంతో తేల్చి, పనిలేని భాగాన్ని నిద్రపుచ్చమంటాను. చిప్ చేతికొచ్చేలోగా కంపెనీ చేతికి చిప్ప రాకుండా చూడడం నా ఉద్యోగం.

నన్ను కొన్నది మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ. అక్కడి మేనేజరు పట్టాభిగారు కరెంటు పొదుపు మీద ఉపన్యాసమిస్తుంటే, ఆ గది ఏసీకి జడిసి అందరూ స్వెటర్లు తొడుక్కునేవారు.

నన్ను నడిపేది సుభాషిణి. చెవి మిషన్‌కి చిప్ తయారుచేస్తోంది. పొద్దున పెట్టుకుంటే పడుకునేదాకా బ్యాటరీ ఆగాలి. మొదటి మిషన్ నీకేనని పెద్దమ్మ వర్ధనమ్మకి మాటిచ్చింది కూడా. ఆగుతుందని నేను లెక్కకట్టాను. మర్నాడే డిజైన్‌ని ఫ్యాక్టరీకి పంపుదామని పట్టాభిగారు స్వీట్లు తెప్పించారు. ఒకసారి పంపాక మార్చడమంటే, పోపు పెట్టాక ఆవాలు ఏరడమే.

భోజనాలవేళ సుభాషిణి పెద్దమ్మకి ఫోన్ చేసింది. అవతల కుక్కర్ కూత, మిక్సీ మోత, వాటి మధ్య పెద్దమ్మ "ఆఁ? ఆఁ?" సుభాషిణి చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇల్లు చాలాసేపు నిశ్శబ్దంగా ఉంటుందని, అప్పుడు చిప్ నిద్రపోవచ్చని కంపెనీవాళ్లు నాకు చెప్పి ఉన్నారు. చెప్పింది నమ్మడం మా జాతి బలహీనత. ఆమె ఆ ఇంటి రొద రికార్డు చేయించి నాకు తినిపించింది. బ్యాటరీ మధ్యాహ్నానికే హరీ అన్నాను.

"ఏం ఇల్లమ్మా అది?" అన్నారు పట్టాభిగారు.

"అందరి ఇల్లే సార్. మీ ఇంట్లో మిక్సీ లేదా?"

ఆయన స్వీటు డబ్బాకి మూత పెట్టేశారు. ఆవిణ్ణి కాస్త నెమ్మదిగా వండుకోమనరాదా అని సణిగి, పంపడం వాయిదా వేశారు.

చిప్‌లో మాటని తేటపరిచే భాగం కుక్కర్ కూతకి కూడా ఉలిక్కిపడి లేస్తోందని నేను చూపించాను. మనిషి గొంతుకే లేచేలా సుభాషిణి దాన్ని మళ్లీ కట్టింది. బ్యాటరీ లెక్క మళ్లీ పడుకునే వేళకి చేరింది.

చిప్ వచ్చింది, మిషన్ పెద్దమ్మ చెవికెక్కింది. ఆ రోజు పక్క వేసుకుంటూ ఆవిడే ఫోన్ చేసింది.

"బ్యాటరీ ఇంకా ఉందే తల్లీ. ఇన్నేళ్లూ మీ పెదనాన్నది మౌనవ్రతం అనుకున్నాను. గొణుగుతున్నార్టే."

ఇప్పుడు నాకన్నా కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. నన్ను మూలనున్న పాత కంప్యూటర్‌లో వదిలేశారు. పనిలేనిదాన్ని ఆపెయ్యండని బతుకంతా మొత్తుకున్న నన్ను ఆపడం మాత్రం అందరూ మరిచిపోయారు. ఏసీ కింద వెలుగుతూ, ఆపండి నాయనా అని ఆ పెదనాన్నగారిలాగే గొణుగుతున్నాను. ఈ ఆఫీసులో ఎవరికీ చెవి మిషన్ లేదు.