రెండు వందల పన్నెండు ముళ్లు

ఈరన్న ఒంట్లోంచి నేను తీసిన తేనెటీగ ముళ్లు రెండు వందల పన్నెండు. నా లెక్క తప్పయితే తక్కువే చెప్పి ఉంటాను. తల వెంట్రుకల్లో ఇరుక్కున్నవి కొన్ని మర్నాటికి గాని దొరకలేదు.

అప్పుడు నేను కొల్లాపూర్ అవతల, నల్లమల అంచున ఒక గూడెంలో నర్సుగా ఉన్నాను. రెండు వేల నాలుగు, ఎండాకాలం. సబ్‌సెంటర్ అంటే ఒక గది, ఒక బల్ల, ఒక మందుల పెట్టె. డాక్టరు వారానికోసారి వచ్చేవాడు, వస్తే. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి నలుగురు మగవాళ్లు ఒక మనిషిని దుప్పట్లో మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. మొహం ఎంత ఉబ్బిందంటే, వెనకే పరుగెత్తుకొచ్చిన ముత్యాలమ్మ చెబితే తప్ప అది ఆమె తమ్ముడు ఈరన్న అని నాకు తెలియలేదు.

“కొండ తేనెకు పోయిండు నర్సమ్మా. పెద్ద ఈగలు లేశినయి” అంది.

నాకు చీమ కుడితేనే ఊరంతా తెలుస్తుంది. ఆ పెద్ద ఈగ ఒక్కటి కుడితే ఎంతటి మగాడైనా గంతులేస్తాడు. ఇరవై కుడితే జ్వరం, వాంతులు. వందలు కుడితే ఏమవుతుందో పుస్తకంలో చదివాను గాని, అంతవరకు చూడలేదు.

ఉన్న సూది మందు ఇచ్చాను. జీపు కోసం ఒకతన్ని కొల్లాపూర్‌కు సైకిల్ మీద తోలాను. అది వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. అందాకా బ్లేడు మొద్దు అంచుతో ముళ్లు గీకుతూ కూర్చున్నాను. వేళ్లతో పట్టి లాగితే ముల్లుకున్న విషపు తిత్తి నొక్కుకుపోతుంది. అందుకే గీకాలి.

గీకుతుంటే ఒక సంగతి తోచింది. ఈగలు కుడుతుంటే మనిషి చేతులు ఊరుకోవు, చరుచుకుంటాడు. చరుచుకున్నవాడి ఒంటి మీద నలిగిన ఈగలు అంటుకుని ఉంటాయి. ఈరన్న ఒంటి మీద ఒక్కటీ లేదు. రెప్పల మీద, చెవుల్లో, పెదవుల మీద ముళ్లున్నాయి. అరచేతుల్లో మాత్రం ఒక్క ముల్లూ లేదు. అక్కడ చర్మమే లేదు, తాడు ఒరుసుకుని ఊడిపోయింది.

“ఎందుకు ఉరకలేదయ్యా?” అని అడిగాను.

“తాడు పట్కున్న గద” అన్నాడు. పెదవులు కదలక మాట ముద్దగా వచ్చింది.

“తాడు కింద ఎవరున్నరు?”

ముత్యాలమ్మ నేల చూసుకుంటూ “మాసయ్య” అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. మాసయ్య ఆమె మొగుడు. మాఘమాసంలో ఆమె మణికట్టు విరిచాడు. ఇదే బల్ల మీద కట్టు కట్టింది నేనే. తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందట. వాడి మొగుడరికం అలాంటిది. కట్టు కట్టిన రోజు నుంచీ ఆమె తమ్ముడి గుడిసెలోనే ఉంటోంది. ఇక చాలని, విడగొట్టమని పెద్దమనుషులను అడిగింది. వచ్చే ఆదివారమే పంచాయితీ.

ఆ గూడెంలో కొండ తేనెకు ఒక కట్టుబాటుంది. తేనె కోసేవాడు నడుముకు తాడు కట్టుకుని కొండ అంచు నుంచి దిగుతాడు. పైన ఆ తాడు పట్టేది అన్నదమ్ములు కాదు, పెళ్లాం తమ్ముడో అన్నో పట్టాలి. ఎంత కోపమున్నా సొంత అక్కచెల్లెళ్లను విధవలను చేసుకోరని నమ్మకం. మాసయ్యకు ఉన్నది ఒక్క బామ్మర్ది. సిగ్గు లేకుండా వచ్చి అడిగాడు. ఐతారం దాకా నువ్వు మా బావవే, తాడు పట్కుంట అన్నాడట ఈరన్న.

తెల్లవారాక మాసయ్య పొగబెట్టుకుని దిగాడు. ఉన్నట్టుండి గాలి తిరిగింది. పొగ ఒక పక్కకు, ఈగలు మరో పక్కకు పోయాయి. అంచు మీద కూర్చున్న ఈరన్నను కమ్ముకున్నాయి. తోడు వచ్చిన మిగిలినవాళ్లు తుప్పల్లోకి ఉరికారు. మాసయ్య పైకెక్కడానికి ఒక చుట్ట కాల్చేంత సేపు పట్టిందట. అంతసేపూ ఈరన్న తాడు వదలలేదు.

“నేనైతే మొదటి ముల్లుకే వదిలేద్దును” అన్నాను. నర్సు అనకూడని మాటే. అయినా అన్నాను. ముత్యాలమ్మ మోదుగాకుతో తమ్ముడి మొహం మీద విసురుతూనే ఉంది.

పదింటికి వాంతులు మొదలయ్యాయి. నాడి సన్నగా, దారంలా అయింది. ఇంకో సూది ఇచ్చాను. నిజం చెప్పాలంటే పోతాడనే అనుకున్నాను. ముత్యాలమ్మ అతని పాదాలు రెండూ ఒళ్లో పెట్టుకుని రుద్దింది. పదకొండు దాటాక నాడి మళ్లీ చేతికి అందింది. నేను బయటికెళ్లి మొహం కడుక్కుని, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చి వచ్చాను.

వచ్చేసరికి గుమ్మంలో మాసయ్య. చేతిలో డబ్బా నిండా తేనె. ఒంటి మీద మూడు నాలుగు దద్దుర్లు, అంతే. కళ్ల నీళ్లు పెట్టుకుని ఉన్నాడు. అవి దొంగ నీళ్లు కావు, అది ఒప్పుకోవాలి.

“బామ్మర్దీ, పానం పోతున్నా తాడు ఇడువకపోతివి. అంటే మా సంసారం నిలవెట్టినట్టే గద” అన్నాడు. పెళ్లాం వైపు తిరిగాడు. “ముత్యాలూ, ఇంక పంచాయితి ఎందుకే? ఇంటికి పోదాం పా.”

గుమ్మం బయట ఉన్నవాళ్లంతా అవునన్నట్టు తలలూపారు. ముత్యాలమ్మ విసరడం ఆపింది. ఆమె మొహం చూస్తే నాకు భయమేసింది. తమ్ముడు రెండొందల ముళ్లు తిని కాపాడిన మనిషిని కాదనడం ఎలాగా అని ఆమె తూకం వేసుకుంటోంది.

ఈరన్న కళ్లు తెరుచుకోవడం లేదు. మాట వచ్చిన వైపు తల తిప్పాడు.

“బావా, నిన్ను బతికిచ్చింది అక్కను తోల్కపోనీకి కాదు” అన్నాడు. ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు. “నువ్వు సస్తే అక్క నీ విధవ అయితది. సచ్చినోన్ని ఎట్ల ఇడుస్తది? బతికినోన్నే ఇడువాలె. ఐతారం పంచాయితికి రా.”

ముత్యాలమ్మ లేచి వెళ్లి, మాసయ్య మొహం మీదే తలుపు వేసింది. మళ్లీ వచ్చి తమ్ముడికి విసరసాగింది.

జీపు రానే లేదు, ఈరన్న నా బల్ల మీదే కోలుకున్నాడు. ఆదివారం పంచాయితీకి అతన్ని మంచం మీదే మోసుకెళ్లారు. ఒక కన్ను అప్పటికి సగం తెరుచుకుంది. మాసయ్య వచ్చాడు. గూడెం ఆచారం ప్రకారం గడ్డిపోచ తుంచి పెళ్లి తెంచారు.

మరుసటి ఎండాకాలం ఆ కొండ చరియకు తేనె నిండుగా పట్టింది. మాసయ్య రోజూ కింద నిలబడి తలెత్తి చూసేవాడు. తాడు పట్టడానికి ఇప్పుడు అతనికి బామ్మర్ది అనేవాడు లేడు.