సీటు జరపొద్దు

గున్నేశ్వరరావు గారు పోయి పదకొండు నెలలైనా, ఆయన కారులో సీటు మాత్రం ఆయన జరుపుకున్న చోటే ఉండిపోయింది.

ఆయన ఆరడుగుల పైమాటే మనిషి. నరసాపురంలో లేసు వ్యాపారం. కారేమో హెరాల్డు; నేలకి జానెడెత్తున, పాలపిట్ట రంగులో ఉండేది. బానెట్టు ఎత్తితే మడ్‌గార్డులతో సహా మొసలి నోరు తెరిచినట్టు లేచేది. ఊళ్ళో దాన్ని రేసు కారు అనేవారు. అంత చిన్న కారులో అంత పొడుగు మనిషి పట్టాలంటే సీటు బాగా వెనక్కి పోవాలి మరి.

ఆయన భార్య కన్యకాపరమేశ్వరి. పరమేశ్వరమ్మ అంటే గాని ఎవరికీ తెలీదు. మనిషి నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. పిల్లలు లేరు. తొమ్మిదేళ్ళపాటు ప్రతి శుక్రవారం ఇద్దరూ ఆ కారుని పంటు మీదకి ఎక్కించి, గోదావరి దాటి, సఖినేటిపల్లి వైపు ఊళ్ళు తిరిగి, ఆడవాళ్ళు అల్లిన లేసు తెచ్చేవారు. కారు నడిపేది ఆయన, అల్లిక చూసేది ఆవిడ. ఒక్క ముడి వదులైనా ఆవిడ వేలు అక్కడే ఆగేది.

"నాకూ నడపడం నేర్పండి," అని ఆవిడ చాలాసార్లు అడిగింది.

"నేర్పుతాలే. ముందు ఒక రెండంగుళాలు ఎదుగు," అనేవాడాయన.

"పెళ్ళయ్యాక ఎవరైనా ఎదుగుతారా ఏంటండీ?"

"అయితే నన్నే కాస్త కుంగమంటావా?" అని నవ్వేవాడు. అలా నవ్వులోనే తొమ్మిదేళ్ళూ గడిచిపోయాయి. ఒక కార్తీకమాసం పొద్దున్న కొట్లో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడు.

ఆ తరవాత శుక్రవారాలు లేవు. అవతలి ఊళ్ళ లేసు ఎవరో ఒకరి సంచీలో పడవెక్కి వచ్చేది. అల్లినవాళ్ళ మొహాలు ఆవిడకి కనపడేవి కావు. కారు షెడ్డులో ఉండేది. వారానికోసారి సత్తియ్య వచ్చి ఇంజను స్టార్టు చేసి పోయేవాడు. సత్తియ్యది రేవు దగ్గర చేపలు పట్టే కుటుంబం. వయసులో ఉండగా కడియం మొక్కల లారీ తోలి కలకత్తా దాకా వెళ్ళినవాడు. చూపు మందగించాక ఇంటికొచ్చి వలలు బాగుచేసుకుంటున్నాడు. అతనూ పొట్టే. మొదటి రోజే ఆవిడ షెడ్డు తలుపు దగ్గర నిలబడి, "సీటు జరపొద్దు సత్తియ్యా," అంది. "ఆయ్," అన్నాడు. అప్పట్నించీ సీటు అంచున పిట్టలా కూర్చుని, కాలి వేళ్ళతో తొక్కి స్టార్టు చేసేవాడు.

సంవత్సరీకం ఇంకో నెలలో ఉందనగా, భోజనాల దగ్గర మరిది జోగేశ్వరరావు మాట ఎత్తాడు. "వదినా, సంవత్సరీకం కాగానే కారు ఇచ్చేద్దాం. రాజమండ్రి నుంచి ఎవరో వచ్చి చూసుకుంటామన్నారు. షెడ్డులో ఎలకల కాపురానికి తప్ప దేనికి పనికొస్తోంది చెప్పండి?"

మజ్జిగ పోస్తున్న ఆవిడ చెయ్యి ఆగింది.

"నేను నడుపుతాను."

"ఏంటీ?"

"నేర్చుకుని నడుపుతాను. శుక్రవారం శుక్రవారం వెళ్తాను."

జోగేశ్వరరావు చెడ్డవాడేం కాదు. కాని నవ్వాపుకోలేకపోయాడు. "మీ కాళ్ళు అందొద్దా వదినా? రోడ్డు అద్దంలోంచి చూస్తారా, స్టీరింగు సందులోంచి చూస్తారా?"

"అందకపోతే అప్పుడే అమ్మెయ్యి."

అతను చెయ్యి కడుక్కుని వచ్చి అన్నాడు. "సరే. సంవత్సరీకం లోపల మీ చేత్తో పంటు ఎక్కించి అవతలి రేవులో దింపండి. నది దాటని కారు మనకెందుకు? దాటించారా, మళ్ళీ నేను ఆ మాట ఎత్తను."

మర్నాటి నుంచి తెల్లారగట్ట స్టేషను వెనక, రైలు పట్టాలు అయిపోయే చోట, ఖాళీ స్థలంలో పాఠాలు మొదలయ్యాయి. కారు ముందూ వెనకా నేర్చుకునేవాళ్ళు పెట్టే ఎర్ర 'ఎల్' బోర్డులు. ఆవిడ సీట్లో కూర్చుంటే కాళ్ళు పెడళ్ళకి బెత్తెడు దూరంలో ఆగిపోయాయి.

"సీటు కింద చువ్వ ఉంటదండి. పట్టుకుని ముందుకి లాక్కోండమ్మా," అన్నాడు సత్తియ్య. "నేనూ మీ అంతే కదండీ. లారీలో నా సీటు స్టీరింగుకి అంటుకునే ఉండేది."

"సీటు జరపొద్దని చెప్పానుగా."

"ఆయ్." అతను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆవిడ ఇంటికెళ్ళి, తెల్లగుడ్డలో కట్టిన లేసు మూటలు మూడు తెచ్చింది. ఒకటి కిందా, రెండు వీపు వెనకా. ఆ ఇంట్లో దిండ్ల కన్నా లేసు మూటలే ఎక్కువ. ఇప్పుడు కాళ్ళు అందాయి. సత్తియ్య ఒక మూటని వేలితో నొక్కి చూశాడు.

"మెత్తగున్నాయండి."

"లేసు మెత్తగా ఉండక రాయిలా ఉంటుందా?"

అతను బానెట్టు చివర రెండు మూలలా రెండు ఎర్ర గుడ్డపేలికలు కట్టాడు. "ఇయ్యి మీ కళ్ళండి. ఈ రెండూ ఎక్కడికెళ్తే చక్రాలూ అక్కడికే. బండి అంతా మీకు కనపడక్కర్లేదు. నాకెప్పుడు కనపడింది గనకా?"

అన్నిటికన్నా కష్టం క్లచ్చి. కాలు తీస్తే కారు మేకపిల్లలా గెంతి చచ్చేది. మూడు రోజులు అదే తంతు. పట్టాల పక్కన పళ్ళు తోముకునేవాళ్ళకి కాలక్షేపం అయింది.

"నవ్విన నాపచేనే పండుద్దండి, మీరటు సూడకండి," అన్నాడు సత్తియ్య. "మెల్లిగా వదుల్తా ఉంటే ఒకచోట బండి ఒళ్ళు విరుచుకున్నట్టవుద్ది. అక్కడ కాలు ఆపాలి. అదే హాఫ్ క్లచ్చి. వల లాగేప్పుడు చేప తగిల్తే చేతికి తెలుద్ది సూడండి, అలాగ."

"నేనెప్పుడు వల లాగాను?"

సత్తియ్య కాసేపు ఆలోచించాడు. "లేసు అల్లేప్పుడు దారం బిగువు వేలికి ఎలా తెలుద్దండీ?"

ఆవిడ కళ్ళు మూసుకుని కాలు మెల్లిగా వదిలింది. దారం బిగుసుకున్న చోట ఆపింది. కారు గెంతకుండా, పడవ ఒడ్డు విడిచినట్టు కదిలింది.

రెండో వారానికి మొగల్తూరు రోడ్డెక్కారు. మూడో గేరు, నాలుగో గేరు. కొబ్బరిచెట్లు వెనక్కి పరిగెడుతున్నాయి. కాలవ గట్టు మీద ఒక కొంగ లేచి కారుతో పాటే కొంతదూరం ఎగిరింది. "అదిగో చూశారా," అంటూ ఆవిడ కుడివైపు తిరిగింది. తొమ్మిదేళ్ళ అలవాటు అది. ఏం చెప్పాలన్నా కుడివైపు తిరిగి చెప్పడమే. కుడివైపు తలుపు ఉంది, దాని అద్దం ఉంది. అంతే. ఎడంపక్కన కూర్చున్న సత్తియ్య ఆ మాట విననట్టు రోడ్డు కేసి చూస్తూ ఉండిపోయాడు.

సంవత్సరీకానికి నాలుగు రోజుల ముందు శుక్రవారం వచ్చింది. కారు రేవులోకి దిగింది.

పంటు అంటే రెండు పడవలు జతకట్టి, పైన బల్లలు పరిచినది. ఒడ్డు నుంచి దాని మీదకి రెండు పొడుగు చెక్కలు వేస్తారు, చక్రానికొకటి. పంటు నడిపే పల్లంరాజు చెక్కల మధ్య వెనక్కి నడుస్తూ చేతులూపాడు. "రానివ్వండమ్మా, రానివ్వండి, మీ కుడికి కొంచెం..." జోగేశ్వరరావు గొడుగు వేసుకుని ఒడ్డున నిలబడ్డాడు. సైకిళ్ళవాళ్ళూ పాలవాళ్ళూ సరేసరి.

ముందు చక్రాలు చెక్కలెక్కాయి. కారు ముక్కు ఆకాశం వైపు లేచింది. ఎదురుగా మబ్బు తప్ప ఆవిడకేం కనపడలేదు. హాఫ్ క్లచ్చిలో ఆపుదామని కాలు బలంగా నొక్కింది. నొక్కిన కొద్దీ వీపు వెనక లేసు మూటలు అణిగిపోయాయి. మనిషి వెనక్కి జారింది, కాలు క్లచ్చి మీంచి తప్పింది. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయి, వెనక్కి దొర్లింది. సత్తియ్య హ్యాండ్ బ్రేకు లాగేసరికి నాలుగు చక్రాలూ మళ్ళీ రేవు బురదలో ఉన్నాయి.

"లేసు బండి ఎనక్కి నడుత్తాదేంట్రోయ్!" అన్నాడెవడో. రేవంతా నవ్వింది.

జోగేశ్వరరావు కిటికీ దగ్గరికొచ్చాడు. అతను మాత్రం నవ్వలేదు. "ఇంక చాలు వదినా. ఇంటికి పదండి. అన్నయ్యే ఉంటే ఇదంతా చూసి ఊరుకునేవాడా?"

"ఊరుకునేవారు కాదు," అందావిడ. "నవ్వేవారు."

తరవాత సత్తియ్య వైపు తిరిగింది. "రెండు నిమిషాలు నువ్వు కిందకి దిగు."

అతను దిగి, తలుపు వేసి, కారుకి వీపు తిప్పి నిలబడ్డాడు.

ఆవిడ మూటలు ఒక్కొక్కటే లాగి వెనక సీట్లో పడేసింది. అవి లేకపోయేసరికి ఆయన ఆనుకున్న చోట సీటు మీద పడ్డ పల్లం వీపుకి తెలిసింది. ఆ పల్లంలో ఆవిడలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. కాసేపు అలాగే ఆనుకుని కూర్చుంది. ఒడ్డు మీద జనం గోల, పల్లంరాజు కేకలు, ఏవో దూరంగా వినపడుతున్నాయి.

వంగి, సీటు కింద చెయ్యి పెట్టింది. ఇనప చువ్వ చల్లగా తగిలింది. లాగింది. దాదాపు ఏడాది తుప్పు, కదల్లేదు. పళ్ళు బిగించి రెండు చేతులా లాగింది.

టక్‌మని సీటు పట్టీ మీద ఒక గంటు ముందుకొచ్చింది.

"ఒకటి," అనుకుంది పైకే. రెండు. మూడు. ఎన్ని గంట్లు జరిపితే అన్ని గంట్లు మళ్ళీ వెనక్కి జరపొచ్చు కదా. నాలుగు. అయిదు.

అయిదో గంటుకి ఛాతీ స్టీరింగుకి జానెడు దూరానికి వచ్చింది. మడమ నేలకి ఆనింది. క్లచ్చి అడుగుదాకా దిగింది. తల పైకెత్తి, వెనక వచ్చేది చూపించే చిన్న అద్దంలో చూస్తే ఎప్పట్లాగే కారు కప్పు గుడ్డ. పాఠాలన్నాళ్ళూ ఆ గుడ్డే చూస్తూ, వెనక ఏం వస్తోందో సత్తియ్యని అడుగుతూ నడిపింది. ఈసారి చెయ్యెత్తి అద్దం కిందకి వంచింది. రేవంతా అందులోకి వచ్చింది. జోగేశ్వరరావు గొడుగు కూడా.

"సత్తియ్యా, ఎక్కు."

దారం బిగుసుకుంది. కాలు అక్కడే నిలబడింది. రెండు ఎర్రపేలికలు రెండు చెక్కల మీద లేచాయి, మబ్బులోకి వెళ్ళాయి, మళ్ళీ వంగాయి. పల్లంరాజు రెండు చేతులూ పైకెత్తి ఆపమన్నాడు. చక్రాల కింద బల్లలు చప్పుడయ్యాయి.

రేవు ఈసారి నవ్వలేదు. "ఎక్కించేసిందిరోయ్," అంది ఇందాకటి గొంతుకే.

పంటు నది మధ్యకి వచ్చేసరికి సత్తియ్య దిగి పడవవాళ్ళ దగ్గరికెళ్ళాడు. ఆవిడ కారులోనే ఉండిపోయింది. ఎడంపక్క సీటు ఖాళీగా ఉంది. తొమ్మిదేళ్ళు తను కూర్చున్న చోటు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఆయన కేసి తిరిగి, ఏదో ఒకటి చెబుతూ ఉండేది. ఇక్కణ్ణుంచి చూస్తే ఆ చోటు ఇంత దగ్గరని ఎప్పుడూ అనుకోలేదు. చెయ్యి చాపితే అందుతోంది. ఆయన చేతుల పొడుక్కి చాపే పని కూడా ఉండి ఉండదు.

అవతలి రేవులో దిగి, కొబ్బరితోటల మధ్య మొదటి ఊరు చేరగానే హారను కొట్టింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది. ఆయన కొట్టినట్టే. అరుగుల మీంచి ఆడవాళ్ళు అల్లికలు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చారు. అందరికన్నా ముందొచ్చిన సుబ్బాయమ్మ కారు అద్దంలోకి చూసి గుండెల మీద చెయ్యేసుకుంది.

"డ్రైవరు లేకుండా బండొచ్చేసిందేంటే!"

"ఉన్నానే. కాస్త కిందకి చూడు," అంది పరమేశ్వరమ్మ స్టీరింగు వెనకనించి.

"అమ్మగారండీ! మీరే తోలేరాండీ!" సుబ్బాయమ్మ నవ్వింది, నవ్వుతూనే పైట చెంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. "హారను ఇని అయ్యగారే అనుకున్నామండీ ఒక్క చిటికె."

"నేనూ అలా అనుకునే కొట్టానులే," అందావిడ. చెయ్యి చాపి సుబ్బాయమ్మ చేతిలో లేసు అందుకుంది. వేలు అంచు వెంట నడిచి, ఒకచోట ఆగింది. "ఇక్కడ ముడి వదిలేశావేంటి?"

సాయంత్రం ఇల్లు చేరేసరికి జోగేశ్వరరావు తనే వచ్చి షెడ్డు తలుపులు బార్లా తీసి పట్టుకున్నాడు. కారు లోపలికెళ్ళాక, "రాజమండ్రి వాళ్ళకి రావద్దని ఉత్తరం రాసేశాను," అని ఇంట్లోకెళ్ళాడు.

ఆవిడ సీటు కింద చెయ్యి పెట్టి లెక్కపెడుతూ వెనక్కి నెట్టింది. అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. కాళ్ళు మళ్ళీ గాల్లో తేలాయి. తల ఎత్తింది. అద్దంలో షెడ్డు గుమ్మం, వాకిట్లో తులసి, అన్నీ కనపడుతున్నాయి.

సీటుకి గంట్లున్నాయి. అద్దానికి లేవు.

"సత్తియ్యా, ఈ అద్దం ఇదివరకు ఎంత పైకి ఉండేది?"

"ఏమోనండి. నాకు ఎనకాల ఎప్పుడూ మసగ్గానే కనపడేది."

ఆవిడ అద్దం పైకి తోసింది. కప్పు గుడ్డ వచ్చింది. ఎంత గుడ్డ ఉండేది? మళ్ళీ వంచింది, మళ్ళీ తోసింది. రేవులో చెయ్యెత్తినప్పుడు ఒక్క క్షణం ఆగి చూసుకున్నా బాగుండేది. ఆయన కళ్ళకి సరిపెట్టుకున్న చూపు అది. ఆయన ఎంత ఎత్తునుంచి ఏం చూసేవాడో ఇంక అడగడానికి ఎవరున్నారు?

స్టీరింగు మీంచి చేతులు తీసి, దిగి, కారు చుట్టూ తిరిగి వెళ్ళి, ఎడంపక్క తలుపు తీసి తన సీట్లో కూర్చుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుంది. అక్కణ్ణుంచి అద్దంలోకి చూసింది.

కారు వెనక కిటికీ అద్దం మూల ఒక గుండ్రటి కాగితం ఉంది. కారు కొన్న ఏడే హైదరాబాదు ఎగ్జిబిషనుకి లేసు పట్టుకెళ్ళినప్పుడు అంటించింది. ఆయన కారు నడుపుతుంటే తొమ్మిదేళ్ళూ ఇక్కణ్ణుంచి ఆ అద్దంలో ఆవిడకి కనపడింది ఆ కాగితమే. అది కూడా అంతా కాదు. కింద సగం. ఎన్నిసార్లు చూసిందో.

"సత్తియ్యా, ఇలా రా. అటుపక్కనించి ఆ అద్దం మెల్లిగా పైకి తిప్పు."

అతను కిటికీలోంచి చెయ్యి పెట్టాడు.

"ఇంకొంచెం. అబ్బే, ఎక్కువైంది. కొంచెం కిందకి. నీ వైపు ఒక్క పిసరు."

గుమ్మంలోంచి పడే సాయంత్రపు వెలుగులో కాగితం అద్దంలోకి వచ్చింది. పావు వంతు. తరవాత సగం.

"చాలు."

సత్తియ్య చెయ్యి తీసేశాడు. "మళ్ళీ శుక్రవారం ఇదంతా ముందుకి జరపాలి కదండీ."

"జరుపుతాను," అందావిడ, అద్దంలోంచి చూపు తిప్పకుండా. "సాయంత్రం వచ్చి మళ్ళీ సర్దుకుందాం."

"ఆయ్," అన్నాడు సత్తియ్య. షెడ్డు తలుపు ఒక రెక్క మాత్రం దగ్గరగా వేసి, రెండోది అలాగే వదిలేసి వెళ్ళాడు.