మింగిన మాటల తూకం

మాగ్డెబర్గ్ ఊరికి ఉత్తరాన, కాలవ దాటాక వచ్చే ఫ్రావ్ ల్యుబ్కె గారి వర్క్‌షాపులో, పొద్దున ఏడుంపావు అయ్యేసరికి ఇస్సాకు ఎవరిదో ఒక వోన్‌వాగెన్ కింద వెల్లకిలా పడుకుని ఉంటాడు. వోన్‌వాగెన్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. జర్మన్లు ఏడాది పొడుగునా కష్టపడి పనిచేస్తారు. ఎండాకాలం రాగానే అన్ని సదుపాయాలూ ఉన్న ఇల్లు వదిలేసి, కాళ్ళు చాపుకోవడానికి చోటులేని ఆ పెట్టెలో కాపురం పెడతారు. ఎందుకలా అని ఇస్సాకు మొదట్లో అడిగేవాడు. తనకు పని దొరికేది దానివల్లే అని తెలిశాక అడగడం మానేశాడు.

ఇనుములో పగుళ్ళు వెతకడంలో అతనిది వాళ్ళ నాన్న పద్ధతి. ఆయన బాపట్ల దగ్గర ట్రాక్టర్ ట్రక్కులు కట్టేవాడు. ఇనుమును వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్దాలి. కిరసనాయిలు పూసి పది నిమిషాలు ఆగాలి. పొడిగుడ్డతో తుడిచేసి పైన సుద్దపొడి చల్లాలి. పగులనేది ఉంటే, అందులోకి ఇంకిన నూనె మెల్లగా పైకి వచ్చి తెల్లటి సుద్దమీద సన్నటి నల్లగీత గీస్తుంది. ఇదే పనికి షాపులో రంగు స్ప్రే డబ్బాలు ఉన్నాయి గాని ఇస్సాకు వాటి జోలికి పోడు. ఫ్రావ్ ల్యుబ్కె కూడా ఏమీ అనదు. డెబ్బై ఏళ్ళ మనిషి, పని సరిగా జరిగితే చాలు ఆవిడకి.

రాజ్యశ్రీ ఆ షాపుకి ఏప్రిల్ చివర్లో వచ్చింది. ఆమెది హనుమకొండ, వయసు ముప్పై మూడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాడర్‌బోర్న్‌లో ఇంకా మంచి ఉద్యోగం వచ్చింది, జూన్ ఒకటిన చేరాలి. అక్కడ వోనుంగ్ కోసం, అంటే అద్దె ఇంటి కోసం, నాలుగు నెలలు వెతికింది. అరవై ఒక్క చోట్ల అడిగితే ఒక్కచోట చూడటానికి రమ్మన్నారు. వెళితే మెట్లమీద నలభై మంది వరసలో ఉన్నారు. దాంతో విసుగెత్తి, ష్టెండాల్‌లో ఒక ముసలి దంపతుల దగ్గర ముప్పై ఆరేళ్ళ పాత వోన్‌వాగెన్ కొనేసింది. ఇల్లు దొరికేదాకా అందులోనే ఉంటానని పాడర్‌బోర్న్ బయట ఒక క్యాంపింగ్ స్థలంలో చోటు కూడా మాట్లాడుకుంది. ముందు బండి తనిఖీలో పాసు కావాలి. పాసు కాకపోతే ఉండటానికి చోటు లేదు, చోటు లేకపోతే ఆ ఉద్యోగం వదులుకోవాల్సిందే.

బండి కింద ముందు పక్క, లాగే దూలం చాసీతో కలిసే చోట, ఎడమవైపు సుద్దమీద మూడంగుళాల గీత తేలింది. ఇస్సాకు పగులు రెండు కొసల్లోనూ చిన్న రంధ్రాలు వేశాడు, అక్కడితో అది ఆగిపోవాలని. తరవాత గ్రైండర్‌తో పగులు పొడుగునా లోతుగా చెక్కి, కొంచెం కొంచెంగా వెల్డింగ్ నింపాడు. పైన ఇనపపలక వేశాడు. పలక కొసలు దూలానికి అడ్డంగా ఉంటే మళ్ళీ అక్కడే పగులుతుందని, ఏటవాలుగా కోసి మరీ వేశాడు. ఆ తరవాత రెండు చక్రాల కింద రెండు తూకం పళ్ళేలు పెట్టారు; ఒక్కో పక్క బరువు షాపు గోడమీది తెరలో అంకెలుగా పడుతుంది.

ఫ్రావ్ ల్యుబ్కె రెండు అంకెలూ కూడి, "ఎనిమిది వందల యాభై," అంది. "పుస్తకంలో ఏడు వందల ఎనభై అని ఉంది. ఇందులో కూర్చుని ఎవరో మాటలు మింగారు."

ఇది అక్కడ అందరికీ తెలిసిన విషయమే. చెప్పాలనుకుని చెప్పకుండా మింగేసిన మాట మనిషి కూర్చున్న చోట నేలలోకి దిగి అక్కడే ఉండిపోతుంది, చెప్పేదాకా కదలదు. ఇళ్ళకయితే పునాదులు ఉంటాయి కాబట్టి ఎన్ని మింగినా చెల్లుతుంది. వోన్‌వాగెన్‌కి ఉన్నవి రెండే రెండు ఇనప దూలాలు. తనిఖీ ఫారంలో దీనికొక గడి కూడా ఉంది. ముప్పై కిలోల దాకా మినహాయింపు, ఆపైన ఉంటే తిప్పి పంపిస్తారు. ఈ దేశంలో గడి లేని సంగతంటూ ఉండదు గదా!

ఆ పూట పని అయ్యాక ఇస్సాకు మెషీన్‌లో కాఫీ పట్టుకోబోతుంటే రాజ్యశ్రీ ఒప్పుకోలేదు.

"నా బండికింద పొద్దటిసంది మన్నుల పొర్లిండ్రు. గా మెషీన్ నీళ్ళు తాగుతరా? లోపల స్టవ్ ఉన్నది, చాయ్ పెడ్త, రండి."

"అట్టాగే అండి. మనం కూర్చుంటే బండిమీద బరువు కూడా పడుద్ది. అతుకు సంగతి తేలుద్ది," అన్నాడు ఇస్సాకు. అతుకు సంగతి తేల్చడానికి చాయ్ అక్కర్లేదని అతనికి తెలియకపోలేదు.

అతను ఎడమపక్క బల్లమీద, ఆమె కుడిపక్క బల్లమీద కూర్చున్నారు. మర్నాడు ఆఫీసు అయ్యాక ఆమె మళ్ళీ వచ్చింది, యార్డులో ఉన్న బండిని చూసుకుందామని. ఆ మర్నాడు కూడా వచ్చింది. సాయంత్రం ఆరింటికి గేటు చప్పుడు కావడం, అల్లం దంచిన వాసన రావడం ఆ యార్డుకి అలవాటయిపోయింది. ఆమె ఆఫీసులో జరిగినవన్నీ చెప్పేది. ఇస్సాకు నవ్వేవాడు. ఒకటి రెండుసార్లు నోరు తెరిచి, గ్లాసు ఖాళీ చేసి, "అల్లం బాగుందండి" అని ఊరుకున్నాడు.

పదిరోజులకి ఫ్రావ్ ల్యుబ్కె బండిని కారుకి తగిలించి కాలవ గట్టుమీద ఒక చుట్టు తిప్పుకొచ్చింది. అతుకు పక్కనే కొత్త పగులు వచ్చింది. తూకం తొమ్మిది వందల అరవై.

పగులు చూడగానే ఇస్సాకుకి ప్రాణం లేచి వచ్చినట్టయింది, ఆమె ఇప్పుడప్పుడే వెళ్ళదు కదా అని. ఆ వెంటనే తనమీద తనకే రోత పుట్టింది. నాన్న ఉండి ఉంటే, పగులు చూసి సంతోషించే వెల్డరువి నువ్వెక్కడ దాపురించావురా అనేవాడు.

పాత యజమానులదే అయ్యుంటుందని ఫ్రావ్ ల్యుబ్కె ష్టెండాల్‌కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఫోన్‌ని బండిలో నేలమీద ఉంచింది. ముసలాయన చాలాసేపు నసిగాడు. చివరికి, ముప్పై ఒక్క ఏళ్ళపాటు ప్రతి వేసవిలోనూ వెళ్ళిన ఆ చెరువంటే తనకు మొదటినుంచీ భయమని, నీళ్ళు చూస్తే కాళ్ళు వణుకుతాయని భార్య ఎదురుగా ఒప్పుకున్నాడు. అవతల ముసలామె పకపకా నవ్వడం వినిపించింది. "నాకూ ఇష్టం లేదు. నీకు ఇష్టమని వచ్చేదాన్ని!" బండి అరవై రెండు కిలోలు తగ్గింది.

"ఇంక మిగిలినది నీదేనేమో," అంది ఫ్రావ్ ల్యుబ్కె రాజ్యశ్రీతో.

"నాదా! నాకు మింగుడే రాదు. మా ఇంట్ల నన్ను అందరు నోరు పెద్దది అంటరు," అంది రాజ్యశ్రీ. అయినా ఎందుకైనా మంచిదని బండిలో కూర్చుని హనుమకొండకి ఫోన్ కలిపింది. "అమ్మా, ఒకటి చెప్త, కోపం చేయకు. నువ్వు పంపే మామిడికాయ తొక్కుల ఉప్పు మస్తు ఎక్కువైతున్నది. మూడేండ్లసంది చెప్తలేను." ఎనిమిది కిలోలు తగ్గింది. అమ్మకి వచ్చిన కోపం మాత్రం వారందాకా తగ్గలేదు.

ఇస్సాకు మళ్ళీ రంధ్రాలు వేశాడు, చెక్కాడు, నింపాడు, ఇంకా పెద్ద పలక వేశాడు. మళ్ళీ రోజూ చాయ్ తాగారు. తనిఖీ మే నెలాఖరు గురువారం అని ఖాయమయింది. శనివారం ఆమె ప్రయాణం.

బుధవారం మధ్యాహ్నం ఫ్రావ్ ల్యుబ్కె బండిని తిప్పుకొచ్చి, ఇస్సాకు చేతికి సుద్ద డబ్బా ఇచ్చింది. తూకం వెయ్యిన్ని పది.

"ఇదే ఆఖరుసారి. ఒకేచోట మూడుకి మించి వెల్డింగ్ నేను ఒప్పుకోను. మళ్ళీ పగిలితే తుక్కుకి పంపడమే," అని ఆఫీసులోకి వెళ్ళిపోయింది.

ఇస్సాకు బండి కింద పడుకుని సుద్ద చల్లాడు. నల్లగీత తేలుతుంటే చూస్తూ పడుకున్నాడు. మూడు పగుళ్ళూ ఎడమపక్కే వచ్చాయి. మొదటిది పాతదయినా, తరవాతి రెండూ సరిగ్గా ఎడమ బల్ల కిందే. ఆ బల్లమీద కూర్చునేది ఎవరు? ఊళ్ళో వాళ్ళ పగుళ్ళన్నీ వెతికి పెట్టేవాడికి తన సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదు. బాగుచేసేవాడి బరువు బండిమీద పడుతుందని ఏ తూకంలోనూ రాయరు మరి.

అతను మింగిన మాటలు చాలానే ఉన్నాయి. ఎం.ఎస్. చదవడానికి వచ్చి రెండో సెమిస్టర్లో ఆపేసి, ఈ షాపులో చేరి పని నేర్చుకున్నాడు. వాళ్ళమ్మ చర్చిలో అందరికీ తన కొడుకు జర్మనీలో ఇంజనీరనే చెబుతుంది. ఇక్కడ తెలుగువాళ్ళు కలిసిన చోట ఏ కంపెనీ అని ఎవరైనా అడిగితే, "ట్రెయిలర్స్ అండి" అని పక్కకి తప్పుకుంటాడు. పెద్ద ఉద్యోగాలవాళ్ళకిచ్చే బ్లూ కార్డు వీసా ఉన్న అమ్మాయితో, నిన్ను చూడకపోతే నాకు తోచడం లేదని వెల్డరు ఎలా చెబుతాడు?

చెప్పకుండా కూడా ఉండవచ్చు. ఇంకా మందం పలక వేస్తే రేపటి తనిఖీ దాకా పగలకుండా ఆగుతుందేమో, తూకానికి ఏదో ఒక సాకు చెప్పవచ్చు. కాని శనివారం ఆమె ఆ బండిని తగిలించుకుని, లారీల మధ్యన, ఆటోబాన్ హైవేమీద మూడు గంటలు వెళ్ళాలి. ఆ దూలం దారిలో విరిగితే? పోనీ పాసు కాకుండా వదిలేస్తే ఆమె ఇక్కడే ఉండిపోతుంది, నాలుగు నెలలు వెతుక్కున్నది నీళ్ళపాలు చేసుకుని. అది మరీ నీచం. అతను బండి కిందనుంచి లేచి చేతులు కడుక్కున్నాడు.

ఆరింటికి రాజ్యశ్రీ వచ్చింది. బండి ఇంకా తూకం పళ్ళేలమీదే ఉంది; లోపల కూర్చునే ఇద్దరి బరువూ అంకెల్లోంచి ఇస్సాకు ముందే తీసేశాడు. లోపల చాయ్ పెట్టి గ్లాసు అందిస్తూ అతని మొహం చూసింది.

"మళ్ళ పగిలిందా?"

"పగిలిందండి." ఇస్సాకు గ్లాసు బల్లమీద పెట్టాడు. "ఆ బరువు నాదండి, రాజ్యశ్రీ గారూ."

"ఏంది?"

"ఎడం పక్కదంతా నాది. ముందుగా ఒకటి చెప్తాను. నేను ఇంజనీర్ని కాదు. చదువు మధ్యలో ఆపేశాను. వెల్డర్నే. అది సిగ్గుపడే పని కాదని నాకు తెలుసు, అయినా సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు."

కింద స్ప్రింగు కిర్రుమంది. ఎడమవైపు నేల కొద్దిగా పైకి లేచింది. రాజ్యశ్రీ బల్ల అంచు పట్టుకుంది.

"రెండోది..." ఇస్సాకు గ్లాసువైపు చెయ్యి చాచాడు. చాయ్ తాగుదామా అనుకుని, తాగితే మళ్ళీ మింగేస్తానని మానుకున్నాడు. "మీరు వెళ్ళకపోతే బాగుండునని ఉందండి. అట్టాగని బండి పగలాలని లేదు. గట్టిగానే కట్టాను, దేవుడి తోడు. ఆరింటికి గేటు చప్పుడు కాకపోతే నాకు అన్నం సయించట్లేదు. ఆదివారం చర్చిలో కూర్చున్నా మీరే గుర్తొస్తున్నారు. మీ ఇంట్లో ఏమంటారో, మా ఇంట్లో ఏమంటారో నాకు తెలియదు. మీరంటే నాకు ఇష్టం. అంతేనండి. రేపు పొద్దున అతికేస్తాను. ఈసారి పగలదు. శనివారం మీరు ధైర్యంగా వెళ్ళండి."

స్ప్రింగు ఈసారి పెద్దగా మూలిగింది. ఎడమపక్క అంతా ఒక్కసారి తేలికపడి లేచింది. తెరిచి ఉన్న తలుపులోంచి గోడమీది అంకెలు కనబడుతున్నాయి. ఎడమపక్క ఐదు వందల పదిహేను ఉన్నది మూడు వందల తొంభైకి దిగింది. పుస్తకంలో ఉన్నదానిలో సరిగ్గా సగం. ఇస్సాకు గట్టిగా ఊపిరి వదిలాడు. ఎన్నేళ్ళనుంచో నెత్తిమీద ఉన్నది దింపుకున్నట్టు అనిపించింది. ఆమె ఏమన్నా అనకపోయినా ఇంక ఫరవాలేదనుకున్నాడు.

అప్పుడు గమనించాడు. బండి ఒక పక్కకి ఒరిగి ఉంది. బల్లమీది చాయ్ గ్లాసు జారుకుంటూ రాజ్యశ్రీ వైపు వెళుతోంది. ఆమె దాన్ని పట్టుకుంది గాని తల ఎత్తలేదు.

ఇస్సాకు మళ్ళీ గోడవైపు చూశాడు. ఇన్నాళ్ళూ మొత్తం ఎంతన్నదే చదివారు గాని, పక్కలు విడివిడిగా ఎవరూ చూడలేదు. కుడిపక్క నాలుగు వందల తొంభై అయిదు. చెక్కు చెదరలేదు.

"కుడిపక్క వంద కిలోలకి పైనే ఉందండి," అన్నాడు మెల్లగా. "అది... ఆ ముసలాయనదేమో."

"ఆయనది ఎప్పుడో దిగిపాయె," అంది రాజ్యశ్రీ. చెవులదాకా ఎర్రబడింది. హనుమకొండలో నోరు పెద్దదని పేరున్న మనిషి మాటలు వెతుక్కుంటోంది. "అది నాదే."

ఇస్సాకు ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు.

"మీరు ఇంజనీరు కాదని నాకు మొదటిరోజే తెలుసు. ఇంజనీరైతే స్ప్రే కొడ్తడు, సుద్దపొడి చల్లుతడా? అది చూసే నాకు... సరే, అది తర్వాత చెప్త. పాడర్‌బోర్న్‌ల నేను మాట్లాడుకున్న జాగ పక్కనే ఒక వర్క్‌షాపున్నది. వెల్డరు కావాలని గేటుకు బోర్డు పెట్టిండ్రు. నేను లోపలికి పోయి మీ కోసం అడిగిన. మనిషి మంచోడేనా అని వాళ్ళడిగితే, మా మనిషే అని చెప్పొచ్చిన. ఎవర్ని అడిగి చెప్పిన? మూడు వారాలైంది. రోజు మీకు చెప్దామనే వస్తున్న. చాయ్ పెడుతున్న, తాగుతున్న, ఆఫీసు ముచ్చట్లు చెప్పి పోతున్న. నన్ను మేడం లెక్క చూస్తిరి, ఎట్ల అడగాలె నేను?"

కుడివైపు స్ప్రింగు కిర్రుమంది.

ఫ్రావ్ ల్యుబ్కె ఆఫీసులోంచి ఫారం పట్టుకుని వచ్చి బండి మెట్టు దగ్గర నిలబడింది. కళ్ళద్దాలు సవరించుకుని, తూకం గడిమీద పెన్ను ఆనించి, "మొత్తం ఎంతని రాయను?" అని అడిగింది.

"కొంచెం ఆగండి, ఫ్రావ్ ల్యుబ్కె," అన్నాడు ఇస్సాకు, రాజ్యశ్రీ మొహంమీదినుంచి చూపు తిప్పకుండానే. "ఈవిడ ఇంకా చెబుతున్నారు."